మస్కట్ సొరుగులో గోళ్ళరంగులు



మస్కట్‌లో ఎండలు ముదిరి ఇండియన్ స్కూళ్ళకి సెలవులు దగ్గరపడ్డాయంటే మన తెలుగిళ్ళల్లో రెండు రకాల సర్దుళ్ళు మొదలవుతాయి. ఒకటి సెలవులకి ఇండియా వెళ్ళేవాళ్ళ సర్దుడు. అది సరదాగానే వుంటుంది. రెండోది వీసా కాన్సిల్ చేయించుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళ సర్దుడు. ఆ రెండోదాంట్లో సోఫాలు, మంచాలు, వాషింగ్ మెషీను త్వరగానే తేలిపోతాయి. అమ్మడమో, ఎవరికైనా ఇచ్చేయడమో! తేలనిది డ్రెస్సింగ్ టేబుల్ కింది సొరుగు. అందులో ఓ నలభై యాభై గోళ్ళరంగు సీసాలు దొర్లుతూ వుంటాయి. సగం ఎండిపోయినవి, సగం మూత రానివి, కొన్ని అసలు సీలే తీయనివి.

"ఇదేం చరిత్ర ప్రసంగమమ్మా, నెయిల్ పాలిష్‌కి కూడా చరిత్రా?" అని నవ్వకండి. నా వృత్తి కంప్యూటర్లు. ఒక కంపెనీ పాత సిస్టం నుంచి కొత్త సిస్టానికి మారేటప్పుడు, ఏ రికార్డు వుంచాలి, ఏది తీసేయాలి అని తేల్చడం మా పని. అక్కడ మేము మొదట వేసే ప్రశ్న "ఇది పనికొస్తుందా?" అని కాదు, "ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?" అని. ఆ సమాధానం దొరికితే తక్కినది సులువు. ఈ సొరుగుకీ అదే ప్రశ్న వేద్దాం.

అసలు గోళ్ళరంగు అనేది దాచుకునే వస్తువు ఎప్పుడయింది? మన అమ్మమ్మల కాలంలో గోళ్ళకి రంగు వుంది గాని, దానికొక సొరుగు లేదు కదా!

కొంచెం వెనక్కి వెళ్దాం. ఒమాన్ తూర్పు కొసన, సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే రస్ అల్ జింజ్ మనలో చాలామంది పిల్లల్ని తీసుకుని వెళ్ళి చూసిన చోటే. అక్కడ పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వితే సుమారు 4,500 ఏళ్ళ కిందటి ఊరు బయటపడింది. అందులో సింధు నాగరికత వాళ్ళ కుండపెంకులు, హరప్పా లిపి చెక్కిన ముక్క, దాంతోపాటు ఒక దంతపు దువ్వెన దొరికాయి. అంటే మన వైపు నుంచి ఈ తీరానికి సింగారపు సామాను రావడం ఇవాళా నిన్నా మొదలైన సంగతి కాదు. ఆ దువ్వెన తెచ్చినవాడు కూడా ఇంట్లో ఎవరికోసమో తెచ్చి వుంటాడని నా వూహ. (వూహే సుమండీ, చరిత్ర కాదు.)

గోళ్ళ సంగతికొస్తే, రెండు తీరాలకీ ఉమ్మడి ఆస్తి గోరింటాకు. వృక్షశాస్త్రంలో దాని పేరు లాసోనియా ఇనెర్మిస్. లిన్నేయస్ తన మిత్రుడు ఐజక్ లాసన్ పేరు పెట్టాడు. ఆకులోని రంగు పదార్థం పేరు కూడా లాసోన్. అది గోటిలోనూ, చర్మంలోనూ వుండే కెరటిన్‌తో కలిసిపోతుంది. పైన పూతలా నిలబడదు, లోపలికి ఇంకుతుంది. అందుకే గీకినా పోదు. గోరు పెరిగి, కత్తిరించుకుంటేనే పోతుంది. చేతిగోరు నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి ఆషాఢంలో పెట్టుకున్న ఎరుపు అట్లతద్దికి గోటి చివర నెలవంకలా మిగిలి వుంటుంది. అప్పుడు మళ్ళీ పెడతారు. ఎంత చక్కటి లెక్కో చూడండి!

ఆకు కోసి, రోట్లో రుబ్బి, రాత్రి గోళ్ళకి టోపీల్లాగా పెట్టి, పొద్దున్న కడుక్కోవడం... ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని ఆటపట్టించడం... ఇదంతా మనకొక్కళ్ళకే అనుకుంటాం గాని, కొరియా ఆడపిల్లలు కూడా ఒక రకం పూలు నూరి గోళ్ళకి కట్టుకుని పడుకుంటారు. ఆ రంగు తొలి మంచు పడేదాకా నిలిస్తే తొలి ప్రేమ ఫలిస్తుందని వాళ్ళ నమ్మకం. మనకి మంచు లేదు కాబట్టి మొగుడితో సరిపెట్టుకున్నాం.

ఒమాన్‌లో గోరింటను హిన్నా అంటారు. బాతినా తీరం తోటల్లో పెంచుతారు. పెళ్ళికి ముందు హిన్నా రాత్రి వుంటుంది, ఈద్‌కి ఇంటింటా పెట్టుకుంటారు. మత్రా సూక్‌లో సాంబ్రాణి వాసన మధ్య నడుస్తుంటే పచ్చటి హిన్నా పొడి బస్తాలు కనిపిస్తాయి. 2024 డిసెంబరులో యునెస్కో ఈ హిన్నా ఆచారాల్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. పదహారు అరబ్బు దేశాలు కలిసి పెట్టిన దరఖాస్తు అది, అందులో ఒమాన్ కూడా వుంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ముస్లిం స్త్రీలకి హిన్నాకీ నెయిల్ పాలిష్‌కీ చాలా తేడా వుంది. నమాజుకి ముందు చేసే వుజూలో నీళ్ళు గోటిని తాకాలి. హిన్నా ఇంకిపోయేది కాబట్టి అడ్డు లేదు. పాలిష్ పైన పొరగా నిలుస్తుంది కాబట్టి అడ్డు. ఆ చిక్కు తీరుస్తామంటూ పోలండ్ కంపెనీ ఇంగ్లాట్ వాళ్ళు గాలీ తేమా వెళ్ళనిచ్చే రంగు అని ఓటూఎం అనేది తెస్తే, 2013 ప్రాంతంలో ప్రపంచమంతా వార్తలొచ్చాయి. పండితులందరూ ఒప్పుకున్నారని కాదు, ఆ చర్చ ఇంకా వుంది. ఆఫీసులో ఒమానీ స్నేహితురాలికి నెయిల్ పాలిష్ బహుమతి ఇవ్వబోయే ముందు ఈ సంగతి గుర్తుంటే మంచిది.

సరే, మరి సీసా ఎక్కడినుంచి వచ్చింది?

ఆ కథ నిజానికి వంటింట్లో మొదలవుతుంది, అదీ ఒక పేలుడుతో! 1846 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంట్లో ఏదో ఆమ్లం ఒలికిస్తే, భార్య వంట ఏప్రన్‌తో తుడిచి పొయ్యి దగ్గర ఆరేశాడనీ, అది ఆరిన మరుక్షణం భగ్గున మాయమైపోయిందనీ చెప్తారు. కథలో ఉప్పూకారం ఎంతోగాని, నూలుని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో నానబెడితే వచ్చే నైట్రోసెల్యులోజ్‌ని లోకానికి తెలియజేసింది మాత్రం ఆయనే. గన్ కాటన్ అన్నారు దాన్ని, తుపాకుల కోసం. దాన్నే నైట్రోజను తగ్గించి తయారుచేసి, తగిన ద్రావకంలో కరిగించి పూస్తే, ద్రావకం ఎగిరిపోయి గట్టి మెరుపు పొర మిగులుతుంది. డూపాంట్ కంపెనీ డ్యూకో పేరుతో ఈ పదార్థంతో కారు రంగులు చేసింది. 1923లో జనరల్ మోటార్స్ వాళ్ళ ఓక్‌లాండ్ కార్లకి వేశారు. అంతకుముందు కారుకి రంగు ఆరాలంటే రోజులూ వారాలూ పట్టేది, ఇది గంటల్లో తేల్చింది.

కారుకి పట్టిన మెరుపే గోటికీ పట్టింది. అమెరికాలో నార్తమ్ వారెన్ అనే ఆయన 1911లో గోటి మొదట్లో వుండే పొరని తీసే ద్రవాన్ని క్యూటెక్స్ పేరుతో అమ్మాడు. 1917లో అదే పేరుతో ద్రవరూపంలో నెయిల్ పాలిష్ వచ్చింది. అది లేత గులాబీ, ఇంచుమించు పారదర్శకం. మస్కట్‌లో మలయాళీ అక్కయ్యలు ఈ నాటికీ ఏ కంపెనీ సీసానయినా "క్యూటెక్స్" అనే అంటారు. మనం వనస్పతి అంతటినీ డాల్డా అన్నట్టు. ఆ తరవాత 1932లో రెవ్సన్ అన్నదమ్ములు, చార్లెస్ లాక్‌మన్ కలిసి రెవ్‌లాన్ పెట్టారు. వాళ్ళ రంగు చిక్కగా, గోరు కనబడకుండా కప్పేది. అమెరికా కుంగిపోయి వున్న రోజులవి, మాంద్యం. పట్టు చీర కొనలేనివాళ్ళు ఒక చిన్న సీసా కొనగలరు అన్నది వాళ్ళ లెక్క. తరవాత పెదవుల రంగూ గోళ్ళ రంగూ జతగా వుండాలని ప్రచారం చేశారు. అదిగో, సొరుగు అక్కడ పుట్టింది! ఒక్క ఎరుపు చాలదు, ప్రతి చీరకీ ఒక సీసా కావాలి. గోరింటాకు ఎన్నడూ ఈ మాట అనలేదు.

మన దేశానికి వద్దాం. 1952లో టాటా వాళ్ళు లాక్మే కంపెనీని స్థాపించారు. ఆడవాళ్ళు విదేశీ సింగారాలకి ఖర్చుపెడుతున్న విదేశీ మారకం ఆదా అవుతుందని నెహ్రూగారు టాటాగారితో అన్నారని చెప్పుకుంటారు. లాక్మే అన్నది ఒక ఫ్రెంచి సంగీత నాటకం పేరు, 1883లో వచ్చింది. అందులో నాయిక పేరది. మన "లక్ష్మి"కి ఫ్రెంచి ఉచ్చారణే లాక్మే! మన తల్లి పారిస్ చుట్టి బొంబాయికి తిరిగొచ్చిందన్నమాట. 1998లో ఆ కంపెనీ హిందుస్తాన్ లీవర్ చేతికి వెళ్ళింది.

1950ల చివర విదేశీ మారకం కటకట వచ్చాక మన దేశంలో విదేశీ వస్తువుల దిగుమతి బాగా బిగించారు. వినియోగ వస్తువుల మీద చివరి పరిమాణ ఆంక్షలు ఎత్తేసింది 2001 ఏప్రిల్‌లో. ఆ నాలుగు దశాబ్దాలూ మన ఊళ్ళల్లో "ఫారిన్" అన్న మాటకి వున్న విలువ మీకు తెలుసు. ఫారిన్ సబ్బు, ఫారిన్ సెంటు, ఫారిన్ చీర, ఫారిన్ గోళ్ళరంగు. సరిగ్గా ఆ కాలంలోనే ఒమాన్ తలుపులు తెరిచింది. 1967లో మొదటి చమురు ఎగుమతి, 1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కడం. అంతకుముందు దేశం మొత్తానికి పది కిలోమీటర్ల తారు రోడ్డు, మూడు బడులు. రాత్రయితే మస్కట్ కోట గుమ్మం మూసేసేవారు, ఆ తరవాత వీధిలో తిరిగేవాడు లాంతరు పట్టుకుని తీరాలి. గుజరాతీలు మాత్రం అప్పటికే ఇక్కడ పాతకాపులు. కచ్ మాండ్వీ నుంచి వచ్చిన ఖిమ్‌జీ రాందాస్ కుటుంబం వ్యాపారం 1870 నాటిది. మనవాళ్ళు వచ్చింది ఆ గుమ్మం తెరుచుకున్నాకే. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ తాపీ పనికి, డ్రైవర్లుగా, ఇళ్ళల్లో పనికి వచ్చారు. మా బోటి కంప్యూటర్ వాళ్ళు వచ్చింది చాలా తరవాత.

ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళ గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పకపోతే ఈ సొరుగు చరిత్ర సగమే అవుతుంది. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావలసిన పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వచ్చే ఆడమనిషికి ముప్ఫై ఏళ్ళు నిండి వుండాలని మన ప్రభుత్వ నిబంధన. ముప్ఫై దాటిన మనిషి అంటే మన పల్లెల్లో పిల్లల తల్లి. ఆ పిల్లల్ని అమ్మమ్మకి అప్పగించి వస్తుంది. రెండేళ్ళకోసారి వెళ్తుంది. అప్పుడు పెట్టెలో ఏం పెడుతుంది? బరువు తక్కువ వుండాలి, ధర తక్కువ వుండాలి, చూడగానే ఫారిన్ అని తెలియాలి, ఇరుగుపొరుగు పదిమంది ఆడపిల్లలకి తలా ఒకటి రావాలి. రూవీలో వంద బైసలు, రెండొందల బైసల దుకాణాల్లో గోళ్ళరంగు సీసా ఈ నాలుగు లెక్కలకీ సరిపోతుంది. అందుకే డజన్ల లెక్కన కొంటారు.

అక్కడ ఆ ఇంట్లో కూతురు ఏం చేస్తుందంటే, పెట్టుకోదు! అమ్మ మస్కట్ నుంచి తెచ్చిందని బీరువాలో దాస్తుంది. అమ్మ మళ్ళీ వచ్చే నాటికి అది అడుగున గడ్డకట్టి వుంటుంది. ఇలా ఎండిన సీసాలు నేను మా బంధువుల ఇళ్ళల్లోనే చూశాను. వాటిని "చెత్త" అనడానికి నాకు నోరు రాదు. కానీ గోళ్ళరంగు బంగారం కాదు. సీసా తెరిచిన క్షణం నుంచి దాని ద్రావకం ఎగిరిపోతూనే వుంటుంది, తెరవకపోయినా మెల్లిగా పోతూనే వుంటుంది. ఇలా బహుమతి పంపేవాళ్ళు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, సీసాతో పాటు "వచ్చే పండగకే పెట్టేసుకో" అని ఒక మాట కూడా పంపండి.

2020 సంగతి కూడా చెప్పాలి. కరోనా వచ్చి ఉద్యోగాలు పోయి, మే నెల నుంచి వందే భారత్ విమానాల్లో జనం మస్కట్ విడిచి వెళ్ళారు. పదేళ్ళ కాపురాన్ని కొద్ది రోజుల్లో రెండు పెట్టెల్లోకి కుదించిన ఇళ్ళు ఎన్నో. అటువంటప్పుడు సొరుగు ఎవరు చూస్తారు? అలా వదిలేసిన వాటాల్లోకి కొత్తగా దిగిన వాళ్ళకి పాత వాళ్ళ గోళ్ళరంగులు, దేవుడి పటాలు, ఊరగాయ జాడీలు దొరికాయి. సర్దుకోవడానికి తీరిక వున్నప్పుడే సర్దుకోవాలని నేను పట్టుబట్టడానికి కారణం అదే.

ఇక పనిలోకి దిగుదాం. ఒమాన్‌లో గోళ్ళరంగుకి మొదటి శత్రువు వేడి. 2018 జూన్ 26న మస్కట్ దగ్గరి ఖురయ్యాత్‌లో 24 గంటల్లో ఒక్క క్షణం కూడా 42.6 డిగ్రీల కిందకి దిగలేదు. ప్రపంచంలో నమోదైన రాత్రి వేడిలో అదే రికార్డు అని వార్తలొచ్చాయి. గోళ్ళరంగులో వుండే ఈథైల్ ఎసిటేట్ 77 డిగ్రీలకి మరుగుతుంది, బ్యూటైల్ ఎసిటేట్ 126కి. మరగకపోయినా వేడెక్కిన కొద్దీ ఆవిరి పెరుగుతుంది, మూత సందులోంచి పోతుంది. మనం జూన్ జూలైల్లో ఏసీ ఆపేసి, తాళం వేసి ఇండియా వెళ్తాం. ఆ రెండు నెలలూ ఆ సొరుగు ఒక చిన్న ఓవెన్. అందుకే ఇక్కడి సీసాలు హైదరాబాద్ సీసాలకంటే ముందే చిక్కబడతాయి.

సొరుగు మొత్తం ఒక పాత న్యూస్‌పేపర్ మీద ఖాళీ చేయండి. కిటికీ తీసి వుంచండి. పక్కన గ్యాస్ పొయ్యి, అగరొత్తి, దీపం ఏవీ వుండకూడదు. ఇందాకటి గన్ కాటన్ కథ ఊరికే చెప్పలేదు, ఈ సీసాలు నిజంగానే భగ్గుమంటాయి. తరవాత రంగుల వారీగా పేర్చకండి. టీవీల్లో అందరూ ఇంద్రధనుస్సులా పేరుస్తారు, చూడముచ్చటగా వుంటుంది, కానీ అది సర్దడం కాదు, బొమ్మల కొలువు. ఎక్కడినుంచి వచ్చాయో ఆ వరసలో పేర్చండి: నేను కొన్నవి, ఎవరో ఇచ్చినవి, ఎవరికో ఇవ్వాలని కొని ఇవ్వనివి. జపాన్ ఆవిడ మారీ కోండో ప్రతి వస్తువునీ చేతిలో పట్టుకుని సంతోషం కలుగుతోందా అని అడగమంటుంది. మన ఇళ్ళల్లో ఎవరో ఇచ్చిన వస్తువు పట్టుకుంటే సంతోషం, దుఃఖం, మొహమాటం మూడూ కలుగుతాయి కాబట్టి ఆ పరీక్ష మనకి పనిచేయదు.

మూడో వరస ముందు తేల్చండి. ఇవ్వవలసిన వాళ్ళకి ఈ వారమే ఇచ్చేయండి. ఎక్కువమందికి సొరుగు నిండింది ఈ వరసతోనే.

తక్కిన వాటిని ఒక్కొక్కటే రెండు అరచేతుల మధ్య దొర్లించండి. గట్టిగా ఊపితే గాలి బుడగలు చేరి, పూసినప్పుడు గోటిమీద కనిపిస్తాయి. రెండు పొరలుగా విడిపోయినది దొర్లిస్తే కలిస్తే బాగానే వుందన్నమాట. చిక్కబడితే రెండు మూడు చుక్కలు నెయిల్ పాలిష్ థిన్నర్ వేయొచ్చు. థిన్నర్ అంటే ఆ ఎసిటేట్ ద్రావకాలే. రిమూవర్ మాత్రం పోయకండి, అది ఎసిటోన్. ఆ పూటకి పలచనవుతుంది గాని పొర సరిగా కుదరదు. కుంచెకి దారాల్లా సాగేది, వాసన మారినది, గడ్డకట్టినది తీసేయాల్సిందే. ఎప్పటిదో గుర్తులేనంత పాత సీసాలు కూడా. పాత రంగుల్లో డైబ్యూటైల్ థాలేట్ అనే పదార్థం వుండేది. పుట్టబోయే పిల్లలకి హాని అని యూరోపియన్ యూనియన్ 2004లో సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించాక పెద్ద కంపెనీలు ఒక్కొక్కటే మానేశాయి. ఇంట్లో జెల్ పాలిష్, దానికి దీపం వున్నవాళ్ళు డబ్బా మీద టీపీవో అని వుందేమో చూసుకోండి. యూరప్‌లో దాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి ఆపేశారు.

తీసేసేవి సింకులో పోయకండి. బాల్కనీలో పాత పేపరు మీద వంచి, పూర్తిగా ఆరనిచ్చి, తరవాత చెత్తలో వేయండి. పిల్లలు అటు రాకుండా చూసుకోండి.

వుంచుకునే వాటికి సీసా మెడ దూదితో తుడిచి మూత బిగించండి. మెడ చుట్టూ ఎండిన రంగు వుంటే మూత పూర్తిగా పట్టదు. మూత మీద కొన్న సంవత్సరం రాసిన చిన్న కాగితం అంటించండి. నిలువుగా పెట్టండి, పడుకోబెట్టకండి. బాత్‌రూమ్‌లోనూ కిటికీ గట్టు మీదా వద్దు. లోపలి గోడకి ఆనుకున్న అలమరలో కింది అర మేలు. కారులో అసలు వదలకండి.

ఇండియాకి తీసుకెళ్ళేవాళ్ళకి ఒక లెక్క. విమానంలో సెంట్లు, స్ప్రేలు, గోళ్ళరంగులు లాంటివన్నీ కలిపి మనిషికి రెండు లీటర్లు లేక రెండు కిలోలు మించకూడదు, ఒక్కో సీసా అర లీటరు దాటకూడదు అన్నది సాధారణ నియమం. చేతి బ్యాగులో అయితే వంద మిల్లీలీటర్ల సీసాలే. పదిహేను మిల్లీలీటర్ల సీసాలు యాభై కలిపినా ముప్పావు లీటరే కాబట్టి ఇబ్బంది లేదు, సెంట్లు మరీ ఎక్కువైతే తప్ప. మీ విమాన సంస్థ నియమం ఒకసారి చూసుకోండి. పోస్టులోనూ, కార్గో డబ్బాలోనూ మాత్రం వేయకండి. మండే ద్రవాలు తీసుకోరు. తెలియకుండా పెడితే డబ్బా మొత్తం ఆగిపోవచ్చు, అందులోనే పిల్లల పుస్తకాలు, మీ అమ్మగారి దుప్పట్లు కూడా వుంటాయి. రిమూవర్ సీసా ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయండి.

చివరిగా, గోటికి పనికిరాకుండా చిక్కబడినా ఇంకా కుంచెకి అంటుతున్న ఎర్ర సీసా ఒకటి వుంటుంది, ప్రతి ఇంట్లోనూ. దాన్ని పారేయకండి. శంషాబాద్‌లో బెల్టు మీద మస్కట్ నుంచి వచ్చిన నల్ల సూట్‌కేసులన్నీ ఒకేలా వుంటాయి. పిడి పక్కన ఆ ఎరుపుతో మూడు చుక్కలు పెట్టండి, పది నిమిషాల్లో ఆరిపోతుంది. మీ పెట్టె మీరు దూరం నుంచే గుర్తుపడతారు.